దసరా మర్నాటి కీబోర్డులు

మా షాపు మూతపడ్డాక, హార్డ్‌వేర్ కోర్సు చదివిన ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు నాకు ఫోన్ చేశారు. ఇళ్ళకు వెళ్ళి కంప్యూటర్లు బాగుచేసే పనిలో చేరవచ్చా అని అడిగారు. ఫోన్‌లో నాకు మాటలు తొందరగా రావు. "చేరవచ్చు" అని పెట్టేశాను. తర్వాత ఆలోచిస్తే వాళ్ళు అడిగింది అనుమతి కాదు, ఆ పని లోపల ఎలా ఉంటుందో చెప్పమని. మాట్లాడలేనిది రాయగలను కాబట్టి రాస్తున్నాను.

నాది రిటైరయ్యే వయసు కాదు. నేను చేసిన పనే నాకంటే ముందు రిటైరయింది. కొండాపూర్‌లో మా షాపు తెరిచిన కొత్తలో ప్రతి ఇంట్లో హాలు మూల ఒక కంప్యూటర్ బల్ల ఉండేది. దాని మీద పూల గుడ్డ కప్పిన మానిటర్, కింద కాళ్ళకు తగిలే సీపీయూ, జరిగే పలక మీద కీబోర్డు. ఇంటిల్లిపాదికీ అదొక్కటే. ఇప్పుడు ఎవరి లాప్‌టాప్ వాళ్ళకు ఆఫీసే ఇస్తుంది, చెడితే ఆఫీసే మారుస్తుంది. ఆ బల్ల ఉన్న చోట ఇప్పుడు చెప్పుల స్టాండు ఉంటుంది. ఏ ఇంటికైనా చుట్టపుచూపుగా వెళ్తే నా కళ్ళు ఇంకా ఆ మూలకే పోతాయి.

తలుపు తీసినవాళ్ళు

మొదట మీకు ఎదురయ్యేది కంప్యూటర్ కాదు, గేటు దగ్గర వాచ్‌మన్.

"ఏ ఫ్లాట్ల పనికొచ్చినవ్ అక్కా? వంటకా, పిల్లను చూసుకునేటందుకా?"

"కంప్యూటర్ రిపేరుకు."

అతను నా బ్యాగు వంక ఒకసారి, నా వంక ఒకసారి చూస్తాడు. "అయితే జర నా ఫోన్ గూడ చూడరాదు, ఛార్జింగ్ ఎక్కుతలేదు."

ఫోన్ సందులో పేరుకున్న దుమ్ము పుల్లతో తీసి ఇస్తే, తర్వాత ఆ గేటు దగ్గర మిమ్మల్ని ఎవరూ ఆపరు. ఆ తర్వాత పైన తలుపు తీసినవాళ్ళు మీ వెనక్కి చూస్తారు, లిఫ్టు దగ్గర మగమనిషి ఎవరైనా ఆగాడేమోనని. "టెక్నీషియన్ రాలేదామ్మా?" "నేనేనండి." మొదట్లో ఆ రెండు మాటలు అనడానికి మెట్ల మీదే సాధన చేసేదాన్ని.

బిడియం ఈ పనికి అడ్డమని అందరూ అన్నారు. నాకు మాత్రం పనికొచ్చింది. "చెడిపోయే ముందు ఏం జరిగిందండి?" అని ఒక్క ప్రశ్న అడిగి ఊరుకునేదాన్ని. ఇంకేం మాట్లాడాలో నాకు నిజంగా తెలియదు. ఆ నిశ్శబ్దాన్ని భరించలేక ఇంటివాళ్ళే అన్నీ చెప్పేవారు. పాప టేబుల్ మీద పాలు ఒలికించిందని, ఉరుములు వచ్చినప్పుడు ప్లగ్గు తీయలేదని, బావమరిది వచ్చి ఏదో నొక్కాడని. మాటకారి టెక్నీషియన్లకు ఇవేవీ తెలిసేవి కావు. వాళ్ళు తమ మాటలే వింటుండేవారు.

నర్సింలన్న

షాపు నర్సింలన్నది. ఈ అద్దాల భవనాలు లేనప్పటి నుంచీ ఇక్కడివాడే. బాలానగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేసి, ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక కంప్యూటర్లు నేర్చుకున్నాడు. కంప్యూటర్‌ను కూడా లేత్ మిషన్‌లాగే చూసేవాడు. ముట్టుకునే ముందు చుట్టూ తిరిగేవాడు, చెవి పెట్టి వినేవాడు. జేబులో ఎప్పుడూ బడి పిల్లల రబ్బరు ఒకటి ఉండేది. కంప్యూటర్ తెర నల్లగా ఉండిపోతే ర్యామ్ ముక్కను తీసి, దాని ఇత్తడి రంగు పళ్ళను ఆ రబ్బరుతో రుద్ది, మళ్ళీ పెట్టేవాడు. సగం కంప్యూటర్లు దానికే లేచేవి.

కొత్తలో ఒకసారి ఒక బ్యాంకు పెద్దాయన ఇంటికి నన్ను ఒక్కదాన్నే పంపాడు. బటన్ నొక్కితే కంప్యూటర్ కుయ్యిమని ఆగకుండా అరుస్తోంది, ముందుకు కదలడం లేదు. మెల్లగా బల్ల వెనక్కి వెళ్ళి అన్నకు ఫోన్ చేశాను.

"ఏంది బిడ్డా, గిట్ల భయపడితే ఎట్ల? మొదలు కంప్యూటర్‌ను ఇడిసిపెట్టు. బల్ల మీద ఏమేం ఉన్నయో చెప్పు."

"కళ్ళజోడు, కాఫీ కప్పు, ఒక లావుపాటి పుస్తకం."

"పుస్తకం యాడ ఉన్నది?"

కీబోర్డు అంచు మీద ఉంది. దాని బరువుకు ఒక కీ నొక్కుకుపోయి ఉంది. స్టార్ట్ అయ్యేటప్పుడు కంప్యూటర్ ముందుగా తన కీబోర్డును పలకరిస్తుంది. ఒక కీ నొక్కినది నొక్కినట్టే ఉంటే అరవడమో, ఆగిపోవడమో చేస్తుంది. పుస్తకం తీసి పక్కన పెట్టగానే అరుపు ఆగింది. ఏం పుస్తకమా అని అట్ట చూడబోయి, పెద్దాయన నన్నే చూస్తున్నాడని మానుకున్నాను.

అన్న గురించి ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆయన ఓపిక యంత్రాలకే పరిమితం. షాపులో మా మీద కసురుకునేవాడు, టీ చల్లారితే అలిగేవాడు. అయినా ఒక్కసారి కూడా అక్కర్లేని పార్టు మార్చమనలేదు. తెలియకపోతే తెలియదని చెప్పి రమ్మనేవాడు. ఈ ఐటీ కారిడార్‌లో ఆ మాట చెప్పే టెక్నీషియన్లు నాకు ఎక్కువమంది కనపడలేదు. కొందరికి ఏ రోగానికైనా ఒకటే మందు, ఫార్మాట్ కొట్టడం. కారణం వెతకడానికి బద్ధకించి ఇంటివాళ్ళ ఫొటోలన్నీ తుడిచేసి వెళ్ళేవారు. మీరు ఈ పనిలోకి వస్తే అలా చేయకండి. ఫార్మాట్ అనేది కారణం తెలిశాక చేసే పని, తెలియక చేసేది కాదు.

మా సీజను

బట్టల షాపులకు పెళ్ళిళ్ళ సీజను ఉన్నట్టు మాకు దసరా ఉండేది. నవమి నాడు ఆయుధపూజ. కత్తిపీట, కుట్టుమిషను, బండి, వాటితోపాటు కంప్యూటరూ. మానిటర్‌కు గంధం బొట్టు, మౌస్‌కు కుంకుమ, కీబోర్డు మీద పసుపు అక్షింతలు, అన్నిటి మీదా కలశంలో నీళ్ళు చల్లడం. పూజలో పెట్టిన పనిముట్టును పండగ అయ్యేదాకా ముట్టుకోరు. ఆ విరామంలో నీళ్ళలో నానిన కుంకుమ ఎండి బంకలా బిగుసుకుంటుంది, బియ్యపు గింజలు కీల కిందకు జారి కూర్చుంటాయి. దసరా మర్నాడు ఆఫీసులు మొదలవగానే మా ఫోన్ మోగడం మొదలయ్యేది.

"దసరా తెల్లారి చెడిందంటే ఇగ అడిగేదేమున్నది, పసుపే" అనేవాడు అన్న. ఆయన కూడా షాపులో స్క్రూడ్రైవర్లన్నీ వరుసగా పేర్చి కొబ్బరికాయ కొట్టేవాడు. కాకపోతే కీబోర్డుకు ముందే ప్లాస్టిక్ కవర్ తొడిగేవాడు.

ఆ రోజుల్లో ఆయన మాకు ఒకటే చెప్పి పంపేవాడు. "ఎవరి చెయ్యితోని ఖరాబైందో ఇంట్ల చెప్పకుర్రి. మనం బండెక్కి వచ్చేస్తం. వాళ్ళు ఒక్క కప్పు కింద ఉండాలె."

మాధవిగారి ఇల్లు

అలాంటి ఒక దసరా మర్నాడు పొద్దున్నే మాధవి అనే ఆవిడ ఫోన్ చేశారు. గచ్చిబౌలి స్టేడియం అవతల అపార్ట్‌మెంట్. నేను వెళ్ళేసరికి తలుపు తీసే ఉంది. మంచి చుడీదార్ వేసుకుని జడ అల్లుకోవడం సగంలో ఆపేసినట్టున్నారు.

విషయం ఆవిడే గబగబా చెప్పారు. పాప పుట్టాక ఉద్యోగం మానేశారు. మళ్ళీ చేరాలని వెతుకుతుంటే, మధ్యలో ఇన్నేళ్ళ ఖాళీ చూసి ఎవరూ జవాబు ఇవ్వలేదు. చివరికి ఒక కంపెనీ పిలిచింది. ఆ పొద్దున్నే ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ. వాళ్ళు చూస్తుండగా ప్రోగ్రాం రాయాలి.

"పండగని ఒకసారి వాయిదా అడిగానండి. రెండోసారి కంప్యూటర్ చెడిందంటే నమ్మరు. మావారు తన లాప్‌టాప్ తీసుకుని ఆఫీసు బస్సెక్కేశారు. ఫోన్ చేస్తే మదర్‌బోర్డు పోయుంటుంది, సాయంత్రం చూద్దామంటున్నారు. నాకు సాయంత్రం లేదు."

బటన్ నొక్కి చూశాను. విండోస్ రావాల్సిన చోట నీలం తెర మీద సెట్టింగుల పేజీ వచ్చి నిలబడింది. ఆపి మళ్ళీ వేస్తే మళ్ళీ అదే. ఆ రకం కంప్యూటర్లలో, స్టార్ట్ అవుతుండగా డిలీట్ కీ నొక్కితే ఆ పేజీ వస్తుంది. మేమెవరం నొక్కలేదు.

"చివరగా ఎప్పుడు బాగా పనిచేసిందండి?"

"నవమికి ముందు."

వంటింటి గుమ్మంలో నిలబడిన పెద్దావిడ, "నవమి నాడు పూజ చేశాం" అని నెమ్మదిగా అన్నారు. ఆవిడ మాధవిగారి అత్తగారు, సీతామహాలక్ష్మిగారు. గుడివాడ నుంచి వచ్చి మనవరాలి కోసం ఇక్కడే ఉంటున్నారు.

కీబోర్డు పైన శుభ్రంగా తుడిచి ఉంది. కీల మధ్య గీతల్లో మాత్రం ఎర్రటి చార. నేను వెనక తీగ ఊడదీసి, కీబోర్డు లేకుండా కంప్యూటర్ వేశాను. ఈసారి ఆగకుండా నేరుగా వెళ్ళిపోయింది, తెర మీద పాప ఫొటో వచ్చింది. మాధవిగారు కుర్చీలో కూలబడ్డారు. "వచ్చేసింది కదండీ."

కంప్యూటర్ వచ్చింది. కీబోర్డు రాలేదు. మళ్ళీ తగిలించి టైప్ చేసి చూస్తే కొన్ని అక్షరాలు పడటం లేదు, కొన్ని ఒకసారి నొక్కితే వరుసగా పడుతూనే ఉన్నాయి, డిలీట్ తనంతట తాను ముందున్నదంతా తినేస్తోంది. మా బ్యాగులో ఎప్పుడూ ఒక స్పేర్ కీబోర్డు ఉంటుంది. ఆ పొద్దున ముందు వెళ్ళిన ఇంట్లో ఇదే జబ్బు, అది అక్కడ ఇచ్చి వచ్చాను. షాపులు ఇంకా తెరవలేదు. పెద్దావిడ చెంగు దోపుకుని పక్క ఫ్లాట్లన్నీ అడగడానికి వెళ్ళారు.

"సగం మంది ఊళ్ళకెళ్ళారు. ఉన్నవాళ్ళవన్నీ ఆఫీసువాళ్ళిచ్చిన మడిచేవేనమ్మా, ఇంకొకరికి ఇవ్వకూడదట" అంటూ తిరిగొచ్చారు.

తెర మీదే కీబోర్డు బొమ్మ తెప్పించి మౌస్‌తో ఒక్కో అక్షరం నొక్కవచ్చు. మాధవిగారికి అది చూపించాను. ఒక వాక్యం కొట్టి చూసి ఆపేశారు. "ఇలా కొడితే నాకు పని రాదనుకుంటారు."

ఇక తెరిచి శుభ్రం చేయడమే మిగిలింది. నేల మీద పేపరు పరిచి, కీబోర్డును బోర్లించి వీపు మీద తట్టాను. పసుపు అంటిన బియ్యం పేపరు మీద రాలాయి. ఇంకోసారి తట్టితే ఇంకొన్ని.

"నేను వద్దన్నాను కదా అత్తయ్యగారూ" అన్నారు మాధవిగారు. గొంతు పెంచలేదు. "మానిటర్‌కు బొట్టు పెట్టండి చాలన్నాను."

"పెట్టాను. నువ్వు వేళ్ళు పెట్టేది దీని మీద కదా అని దీనికీ చేశాను. నీకు ఆ ఉద్యోగం రావాలని కాస్త ఎక్కువే చల్లాను." ఆవిడ నా వైపు తిరిగారు. "నా వల్లేనామ్మా?"

అన్న చెప్పిన మాట నోటిదాకా వచ్చింది. దుమ్ము వల్ల, పాతబడి, ఏదో ఒకటి. కానీ బియ్యం మా ముగ్గురి మధ్య పేపరు మీద ఉన్నాయి. "నీళ్ళ వల్లండి" అన్నాను. "బియ్యం ఒక్కటే అయితే దులిపితే పోయేది. నీళ్ళు పడి కుంకుమ అతుక్కుంది. స్పిరిట్‌తో తుడిస్తే పోతుంది."

ఇప్పటికీ నేను కొత్తవాళ్ళకు చెప్పేది అదే. అన్న మాట సగమే సరైనది. మనిషిని చెప్పక్కర్లేదు, కారణం చెప్పి తీరాలి. అది కూడా చెప్పకపోతే ఆ ఇంట్లోవాళ్ళు తమకు తోచిన కారణం తామే వేసుకుంటారు, అది ఎప్పుడూ మనిషి పేరే అవుతుంది.

కీలు ఊడదీసే ముందు కీబోర్డు ఫొటో తీసుకోవడం మా పద్ధతి. ఆ రోజు నేను లేచి ఫ్యాను కిందకు స్టూలు జరిపి, దూది, స్పిరిట్ సీసా తీసి వచ్చేలోపు, పెద్దావిడ చెంచా కాడతో కీలన్నీ ఊడబెరికి స్టీలు పళ్ళెంలో కుప్పపోశారు. చిక్కుడుకాయలు వలిచినట్టు.

"ఏది ఎక్కడిదో ఎలా తెలుస్తుంది అత్తయ్యగారూ" అని మాధవిగారు తల పట్టుకున్నారు.

"నువ్వు వెళ్ళి జడ వేసుకో" అన్నారావిడ.

ఇద్దరం కూర్చుని తుడిచాం. నేను అడుగు భాగం, ఆవిడ పిన్నీసుతో కీల లోపలి అంచులు. ఆరాక నేను ఫోన్‌లో కీబోర్డు బొమ్మ వెతుకుతుంటే పక్కన టక్కు టక్కుమని చప్పుడు. చూస్తే మధ్య వరుస పూర్తయిపోయింది. పళ్ళెంలో వేలితో కెలికి అక్షరం పైకి తీస్తున్నారు, చోటు కోసం మాత్రం వెతకడం లేదు.

"టైపు నేర్చుకున్నారాండి?"

"గుడివాడలో ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళేదాన్ని. లోయరు పాసయ్యాను, హయ్యరూ పాసయ్యాను. ఉద్యోగానికి పిలుపొచ్చింది కూడా." ఒక కీ బిగించి వేలితో నొక్కి చూశారు. "ఈ పైన ఎఫ్‌లు మాకు లేవు. అవి నువ్వు పెట్టుకోమ్మా."

జడ వేసుకుంటూ గుమ్మంలోకి వచ్చిన మాధవిగారు ఆగిపోయారు. "మీకు పిలుపు వచ్చిందా? నాకెప్పుడూ చెప్పలేదే. ఎందుకు వెళ్ళలేదు?"

"ఆ రోజుల్లో ఎందుకని ఎవరూ అడిగేవారు కాదులే. ముందు నీది చూసుకో, టైమవుతోంది."

కీబోర్డు తగిలించి కంప్యూటర్ వేశాను. దాని మీది చిన్న లైట్లు ఒకసారి వెలిగి ఆరాయి. నీలం తెర రాలేదు. మాధవిగారు అక్షరాలన్నీ ఒక వరుసలో కొట్టి చూసుకుని, మా ఇద్దరినీ బయటకు పంపి తలుపు వేసుకున్నారు.

వంటింట్లో

మామూలుగా కంప్యూటర్ లేవగానే మేం వెళ్ళిపోతాం. దాని ముందు కూర్చున్నవాళ్ళకు తర్వాత ఏమైందో మాకు తెలియదు. ఈ వృత్తిలో నాకు నచ్చనిది ఇదే, నడుమ పేజీలు మాత్రమే చదవనిచ్చి పుస్తకం లాగేసుకున్నట్టు. ఆ రోజు మాత్రం పెద్దావిడ వెళ్ళనివ్వలేదు. "మధ్యలో మళ్ళీ ఏమన్నా అయితే?" అని కాఫీ కలిపారు.

వంటింట్లో చెరో పీట మీద కూర్చున్నాం. మూసిన తలుపు వెనక నుంచి మాధవిగారి మాట వినిపిస్తోంది, ఏమంటున్నారో తెలియడం లేదు. తర్వాత కీల చప్పుడు మొదలైంది.

ఆవిడ చెవి అటు పెట్టి, "రెండు వేళ్ళతో కొడుతోంది. రేపట్నించి నేర్పాలి" అన్నారు.

చప్పుడు ఆగింది. ఆవిడ గ్లాసు కింద పెట్టేశారు. "ఆగిందేం?"

"ఆలోచిస్తున్నారేమోనండి."

"లేక ఏదన్నా అతుక్కుందా?"

నాకూ తెలియదు. చప్పుడు మళ్ళీ మొదలయ్యేదాకా ఇద్దరం కాఫీ ముట్టుకోలేదు. మళ్ళీ మొదలైంది, ఈసారి వేగంగా, చాలాసేపు. ఆవిడ తన మోకాలి మీద వేళ్ళు కదుపుతున్నారు. పదివేళ్ళూ.

తలుపు తీసుకుని మాధవిగారు బయటికొచ్చారు. ముఖం చూసి ఏమీ చెప్పలేం. ఎలా చేశావని అత్తగారు అడగలేదు.

"కీలన్నీ పడ్డాయా?"

"ఎల్ ఒక్కటి గట్టిగా నొక్కాల్సి వచ్చింది."

"అది నేను తుడిచిందే" అన్నారు పెద్దావిడ. అప్పుడు మాధవిగారు నవ్వారు. అలా నవ్వుతూనే గోడకు ఆనుకుని కళ్ళు తుడుచుకున్నారు. ఫలితం తర్వాత చెబుతామన్నారట.

నేను బ్యాగు సర్దుకుని వచ్చేశాను. ఆ ఇంటి నుంచి చాలా కాలం ఫోన్ రాలేదు. చెడకపోతే ఎవరూ మాకు ఫోన్ చేయరు. ఫలితం ఏమైందని నేనై అడగడానికి చాలాసార్లు నంబరు తీశాను, మళ్ళీ పెట్టేశాను. ఒకవేళ ఉద్యోగం రాకపోయి ఉంటే ఆ మాట వాళ్ళచేత చెప్పించడం ఎందుకని.

తర్వాతి ఏడు నవమి నాడు మధ్యాహ్నం ఆ నంబరు నుంచే ఫోన్ వచ్చింది.

"ఏమైందండి?" అన్నాను, ఒక చేత్తో అప్పుడే బ్యాగు అందుకుంటూ.

"ఏమీ కాలేదండి. మా ఆఫీసువాళ్ళు లాప్‌టాప్ ఇచ్చారు కదా, అత్తయ్యగారు దాన్ని పూజలో పెడుతున్నారు. బొట్టు ఎక్కడ పెట్టాలో మిమ్మల్ని అడిగి చెప్పమన్నారు."

'మా ఆఫీసువాళ్ళు' అన్న మాట దగ్గర నేను బ్యాగు కింద పెట్టేశాను.

"మూసేసి, మూత మీద పెట్టమనండి."

ఆవిడ అటు తిరిగి చెప్పారు. వెనక నుంచి పెద్దావిడ గొంతు వినిపించింది, "నీళ్ళు?"

"నీళ్ళు వద్దండి."

"మరి అక్షింతలు ఎక్కడ వేయాలో అడుగు."

"అవి మీ నెత్తిన వేయమనండి" అన్నాను.